ఊరి నెల, కడుపు నెల

మా అత్త ఈరమ్మ అబద్ధం ఆడే మనిషి కాదు. పాలల్లో నీళ్లు కలిపినామెను నడివీధిలో నిలబెట్టి కడిగేసిన మనిషి. అలాంటిది, ఇంట్లో ఎవరైనా కడుపుతో ఉన్నారంటే చాలు, ఆమె నోటివెంట నిజం రాదు. ఎన్నో నెల అని అడిగితే ఒక నెల తగ్గించి చెబుతుంది. ఆరైతే ఐదంటుంది. ఐదైతే "ఇంకా నాలుగు గూడ నిండలే" అంటుంది. మా ఊరు తొండుపల్లిలో ఇది ఆమె ఒక్కదాని అలవాటేం కాదు, మా దగ్గర చాలా ఇళ్లలో ఇంతే. నిండు నెలలని తెలిస్తే నలుగురి కళ్లూ కడుపు మీద పడతాయని భయం. కాకపోతే మిగతావాళ్లు ఊరికి చెప్పి ఊరుకుంటారు. మా అత్త డాక్టర్‌కు కూడా చెప్పింది. దానివల్ల నేనూ నా కడుపులో బిడ్డా ఎంతదూరం పోయి వచ్చామో తలచుకుంటే ఇప్పటికీ నా చేతులు చల్లబడతాయి.

ముందు ఆమె సంగతి చెప్పాలి. విమానాశ్రయం రాకముందు వాళ్లకు రెండెకరాల చేను ఉండేది. టమాటా, కొత్తిమీర, పాలకూర పండించి, గంప నెత్తిన పెట్టుకొని శంషాబాద్ దాకా నడిచిపోయి అమ్ముకొచ్చేది. చేను విమానాశ్రయం కింద పోయింది. ఆ బెంగతో మామ మంచం పట్టి, మళ్లీ లేవలేదు. అత్త ఏడ్చినన్నాళ్లు ఏడ్చి, ఒకరోజు కళ్లు తుడుచుకొని అదే విమానాశ్రయంలో తోటపనికి కుదిరింది. ఆకుపచ్చ జాకెట్టు తొడుక్కొని, ఒకప్పుడు తాను కొత్తిమీర చల్లిన నేల మీదే గడ్డికి నీళ్లు పడుతుంది. "బర్రె గూడ తినని గడ్డికి ఇన్ని నీళ్లేంది?" అని సూపర్‌వైజర్‌ను తిట్టని రోజు లేదు. విమానం మా రేకుల ఇంటి మీదుగా పోతుంటే గిన్నెలన్నీ గలగలమంటాయి, ఆమె మాత్రం తలెత్తి కూడా చూడదు. పోలీసంటే భయం లేదు, పామంటే భయం లేదు. ఆమెకు భయమంటే ఒక్క కాన్పే.

దానికి కారణం ఉంది. నా మొగుడు కొండల్‌కు ముందు ఆమెకు ఇద్దరు పిల్లలు పుట్టి పోయారు. ఆ ఇద్దరినీ మోస్తున్నప్పుడు ఎవరు అడిగినా దాచకుండా నెలలు చెప్పుకుందట. మూడోసారి కడుపుతో ఉన్నప్పుడు మామకు కూడా సరైన నెల చెప్పలేదు. ఆ బిడ్డ బతికాడు. ఇక ఆమెకు వేరే రుజువు ఏం కావాలి?

కొండల్‌ను కడుపులోంచి తీసింది డోర్కాసమ్మ. శంషాబాద్‌లో చర్చి సందులో రెండు గదుల దవాఖాన పెట్టుకొని, చుట్టుపక్కల ఊళ్లన్నిటికీ ఆమె ఒక్కతే కాన్పుల డాక్టరమ్మగా ఉండేది. మా ఊళ్ల గుట్టంతా ఆమెకు తెలుసు. కడుపుతో ఉన్నామె వచ్చి కూర్చోగానే తలుపు మూసి, "ఊరి నెల చెప్తున్నవా, కడుపు నెల చెప్తున్నవా?" అని అడిగేది. అలా అడిగితే మా అత్తలాంటి మొండిఘటం కూడా నవ్వి, ఆమె చెవిలో నిజం చెప్పేది.

నేను కడుపుతో ఉన్నది విమానాశ్రయం మొదలైన మూడేళ్లకు, రెండువేల పదకొండులో. అప్పటికి డోర్కాసమ్మ కన్నుమూసి ఏడాది దాటింది. ఆమె దవాఖాన ఉన్నచోట ప్లాట్లు అమ్మే ఆఫీసు వెలిసింది. తొలి కాన్పు తల్లిగారింట్లో కావాలంటారు గానీ, నాకు అమ్మ లేదు. నా చిన్నప్పుడే పోయింది. అందుకని నా బరువంతా అత్త మీదే పడింది.

శంషాబాద్‌లో డాక్టర్ల బోర్డులకు కొదవ లేదు. ఎముకలు, పళ్లు, షుగరు, అన్నీ ఉన్నాయి. కాన్పుల డాక్టరే దొరకలేదు. ఒక నర్సింగ్ హోమ్ బోర్డు మీద లేడీ డాక్టర్ పేరు ఇంత పెద్ద అక్షరాలతో రాసి ఉంది. నాలుగుసార్లు పోయాం. ఆమె సిటీ నుంచి వారానికి రెండుసార్లు వస్తుందట. మేం పోయినప్పుడు మాత్రం ఒక్కసారీ రాలేదు. నాలుగోసారి ఆమె భర్త బయటికొచ్చి, "నేను చూస్తాను రండి" అన్నాడు. ఆయన ఎముకల డాక్టర్.

"నా కోడలికి కాలు ఇరిగిందా సారూ?" అని అత్త ఆయన ముఖం మీదే అడిగి నా చెయ్యి పట్టుకొని బయటికి లాక్కొచ్చింది. వీధిలోకి వచ్చాక మాత్రం మెట్ల మీద కూలబడిపోయింది. "ఇగ ఏం చేద్దామే పిల్లా? గింత పెద్ద విమానాలు దిగే ఊర్ల ఒక్క డాక్టరమ్మ దొరకదాయె" అని కొంగు నోట్లో కుక్కుకుంది. ఆమెను అలా చూడటం నాకదే మొదటిసారి. ఆమె ధైర్యం మీదే నేను నిలబడి ఉన్నాను మరి.

నర్సులు ఇంటికొచ్చి సూదులు వేశారు, మాత్రలు ఇచ్చారు. డాక్టర్ కోసం వెతుకుతూనే నాకు ఎనిమిదో నెల వచ్చేసింది. చివరికి విమానాశ్రయంలో అత్తతో పనిచేసే ఒకామె చెప్పింది, బస్టాండు వెనక సందులో కొత్త డాక్టరమ్మ వచ్చిందని, కింద దవాఖాన, పైన ఇల్లు, ఎప్పుడు పోయినా ఉంటుందని. మర్నాడే పోయాం.

ఆమె పేరు వారిజ. ఆంధ్రా వైపు నుంచి వచ్చింది. చిన్న వయసే, మాట మెత్తన. నన్ను మంచం మీద పడుకోబెట్టి, "చివరిసారి నెలసరి ఎప్పుడు వచ్చిందమ్మా?" అని అడిగింది.

నాకు తేదీ బాగా గుర్తుంది. కార్తీకమాసం ఆఖరి సోమవారం. గుడికి పోదామని బయల్దేరి ఆగిపోయాను. ఆ మాట చెప్పబోయాను. అత్త నా తొడ మీద గిల్లిన గిల్లుడికి కళ్లలో నీళ్లు తిరిగాయి.

"జనవరి ఒకటో తారీకమ్మా" అంది అత్త. "కొత్త సంవత్సరం గదా, మంచిగ యాదికున్నది."

అంటే నెలకు పైనే తగ్గించేసింది. పక్కింటి కౌసల్యమ్మకు చెప్పినట్టు డాక్టర్‌కు చెబుతారా ఎవరైనా? నాకు ఒళ్లు మండింది.

డాక్టరమ్మ స్కానింగ్ చేసి నొసలు ముడిచింది. "మీరు చెప్పిన లెక్కకంటే బిడ్డ చాలా పెద్దగా ఉంది. తేదీ సరిగ్గా గుర్తు తెచ్చుకోండి. పొరపాటు పడ్డారేమో" అని ఒకటికి రెండుసార్లు అడిగింది.

"మైసమ్మ తోడు, గదే తారీకు" అంది అత్త, కన్ను కూడా ఆర్పకుండా.

డాక్టరమ్మ ఇక ఏం చేస్తుంది పాపం? తల్లికి షుగర్ ఉంటే బిడ్డ అలా పెద్దగా పెరుగుతుందని చెప్పి నా రక్తం తీయించింది. అది కొంచెం ఎక్కువే ఉందని తేలింది. ఇంకేం, ఆమెకు అనుమానం బలపడిపోయింది. అన్నం తగ్గించమంది, తీపి ముట్టొద్దంది, వారం వారం రమ్మంది.

ఇంటికి రాగానే అత్త మీద ఎగిరాను. "డాక్టర్‌కు గూడ దాస్తరా అత్తమ్మా? రేపే పోయి నేను చెప్పి వస్త."

ఆమె నన్ను తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. తలుపు గడియ వేసి వచ్చి, నా చెయ్యి తీసి నా కడుపు మీదే పెట్టింది. "ఈ బిడ్డ మీద ఒట్టు పెట్టు పిల్లా. కాన్పు అయ్యేదాంక అసలు నెల నీ నోట రావొద్దు. నేను ఇద్దర్ని మట్టిల పెట్టిన. నీకు తెల్వదు." ఆమె చెయ్యి నా చేతి మీద వణుకుతోంది. నేను చదువుకున్నదాన్ని, పదో తరగతి ఫస్ట్ క్లాసు. ఇవన్నీ నమ్మనని చెప్పుకునేదాన్ని. కానీ కడుపులో బిడ్డ కదులుతుంటే, అదే కడుపు మీద చెయ్యి పెట్టించి ఒట్టు వేయిస్తే, నమ్మకపోవడం అంత తేలిక కాదు. ఒట్టు వేశాను.

నెలలు నిండాయి. నొప్పులు రాలేదు. వినాయక చవితి వచ్చింది, వీధిలో మండపం లేచింది. నొప్పులు రాలేదు. డాక్టరమ్మ దగ్గరికి పోతే, "ఇంకా నెల పైనే ఉంది, కంగారు పడకండి" అని నవ్వింది. ఆమె నవ్వుతుంటే నాకు లోపల వణుకు. అత్త ముఖంలో రంగు లేదు. పొద్దున లేవగానే నా పక్కన కూర్చొని కడుపు మీద చెవి ఆనించేది. "ఉన్నది. ఉన్నది" అని తనలో తాను గొణుక్కుంటూ పనికి పోయేది. ఇంకొక్క రోజు, ఇంకొక్క రోజు అనుకుంటూ ఇద్దరం ఒకరి ముఖం ఒకరు చూసుకుంటూ గడిపాం. కొండల్‌కు ఇవేవీ తెలియవు. క్యాబ్ తోలుకొని పొద్దున పోతే రాత్రికి గానీ రాడు. మగవాళ్లకు నెలల లెక్క చెప్పే అలవాటు ఆ ఇంట్లో మొదటినుంచీ లేదాయె.

నిమజ్జనం రోజు పొద్దున నాకు మెలకువ వచ్చేసరికి కడుపు నిశ్శబ్దంగా ఉంది.

రోజూ నేను కళ్లు తెరవకముందే బిడ్డ తన్నేది. ఆరోజు తన్నలేదు. లేచి నీళ్లు తాగాను. ఎడమవైపు తిరిగి పడుకున్నాను. షుగర్ సంగతి పక్కన పెట్టి ఇంత బెల్లం ముక్క నోట్లో వేసుకున్నాను. లోపల ఏ కదలికా లేదు. నా కడుపు నాది కానట్టు బరువుగా పడి ఉంది. అత్త వచ్చి చెవి ఆనించింది. చాలాసేపు అలాగే ఉంది. ఈసారి "ఉన్నది" అనలేదు.

"కొండలూ! బండి తియ్యిరా!" అని ఆమె అరిచిన అరుపు వీధంతా వినిపించింది.

దవాఖాన చేరేసరికి సందు మొదట్లోనే డప్పులు. వినాయకుణ్ణి ట్రాక్టర్ ఎక్కిస్తున్నారు. లోపల డాక్టరమ్మ నా పొట్ట మీద యంత్రం పెట్టి వింది. నాకూ వినిపించింది. బిడ్డ గుండె కొట్టుకుంటోంది, మధ్యలో నెమ్మదిస్తోంది. మళ్లీ అందుకుంటోంది. డాక్టరమ్మ నవ్వు ఎటుపోయిందో తెలియదు.

ఆమె కొండల్‌ను పిలిచింది. నేను వింటున్నానని కూడా చూసుకోలేదు. "బిడ్డకు లోపల ఇబ్బందిగా ఉందండీ. తీసేయాలి. కానీ నెల తక్కువ బిడ్డ. పైగా షుగర్ ఉంది. బరువు చూసి మోసపోకూడదు, ఊపిరితిత్తులు గట్టిపడి ఉండవు. బయటికి తీశాక ఊపిరి అందకపోతే బిడ్డను పెట్టడానికి నా దగ్గర అద్దాల పెట్టె, ఇంక్యుబేటర్ లేదు. సిటీకి తీసుకెళ్లండి. నేను ఫోన్ చేసి చెబుతాను."

"నిమజ్జనానికి ఆరాంఘర్ కాడ రోడ్డు మొత్తం బంద్ ఉన్నది మేడమ్. బాలాపూర్ దిక్కు గూడ పోనిస్తలేరు" అన్నాడు కొండల్. అతని గొంతు పిల్లవాడి గొంతులా ఉంది. "చుట్టు తిరిగి రింగు రోడ్డెక్కి పోవాలె. గంటన్నర అయితదేమో."

"గంటన్నరా?" అంది డాక్టరమ్మ. ఆ యంత్రం వైపు చూసింది. ఇక్కడ తీయాలంటే భయం, పంపాలంటే భయం. ఆమె పెదవి కొరుక్కోవడం నేను చూశాను. చివరికి, "ఆలస్యం చేయకండి, బయల్దేరండి" అంది.

నన్ను చక్రాల కుర్చీలో బయటికి తెచ్చారు. కారు తలుపు తీసి ఉంది. డప్పులకు గుండె అదిరిపోతోంది. ఆ గంటన్నర నా బిడ్డ ఆగదని నాకు తెలుసు. ఎలా తెలుసంటే చెప్పలేను, తెలుసు. నెలలు నిండిన బిడ్డని, పెట్టె అక్కర్లేదని, ఇక్కడే తీయవచ్చని చెప్పడానికి ఒక్క మాట చాలు. ఆ మాట మీద బిడ్డ ఒట్టు ఉంది. చెబితే ఏమవుతుందో, చెప్పకపోతే ఏమవుతుందో...

"అత్తమ్మా," అన్నాను. "నువ్వు చెప్తవా? నన్ను చెప్పుమంటవా?"

ఆమె నన్ను చూసిన చూపు నేను చచ్చేదాకా మరిచిపోను. విమానాలను లెక్కచేయని మనిషి, కారు తలుపు పట్టుకొని నిలబడింది. నేను నోరు తెరవబోతుంటే గబుక్కున చేత్తో మూసింది.

"నీ నోట వద్దు బిడ్డా. ఏమన్న అయితే నామీదికే రానీ."

అని వెనక్కి తిరిగి, పరుగున పోయి డాక్టరమ్మ కాళ్ల ముందు కూలబడింది. అంతమందిలో, డప్పుల్లో, ఏనాడూ ఎవరికీ చెప్పని మాట గొంతెత్తి అరిచి చెప్పింది. "నెల తక్కువ కాదమ్మా! నిండింది! నిండి గూడ దినాలు మీదికొచ్చినయి! కార్తీకం ఆఖరి సోమవారమమ్మా, కొత్త సంవత్సరం కాదు! నేను అబద్ధం చెప్పిన! నా నాలుక గొయ్య, నేనే అబద్ధం చెప్పిన!"

డాక్టరమ్మకు ఒక్క క్షణం అర్థం కాలేదు. అర్థమయ్యాక ముఖం ఎర్రబడింది. "అన్నిసార్లు అడిగాను కదండీ! దేవుడి మీద ప్రమాణం చేశారు కదండీ!" అని అరిచింది. ఆ మెత్తని మనిషి అలా అరవగలదని నేను అనుకోలేదు. నన్ను చూసి, "నిజమేనా?" అంది. తల ఊపాను. నా కుర్చీ తానే వెనక్కి తిప్పి లోపలికి తోసుకుపోయింది. పక్క వీధిలో ఉండే మత్తు డాక్టర్‌ను ఫోన్ చేసి రప్పించింది.

నడుముకు సూది వేశారు. కింద సగం మొద్దుబారిపోయింది, పైన సగానికి మాత్రం అన్నీ తెలుస్తున్నాయి. గుడ్డ అడ్డం కట్టారు కాబట్టి ఏమీ కనిపించదు. కడుపులోంచి ఏదో లాగినట్టయింది. "నీళ్లు పచ్చగా ఉన్నాయి, బిడ్డ మింగినట్టుంది" అంది డాక్టరమ్మ నర్సుతో. బిడ్డ ఏడవలేదు. గొట్టంతో పీలుస్తున్న చప్పుడు, చిన్న ఒంటి మీద చేత్తో తడుతున్న చప్పుడు. నేను మైసమ్మను తలచుకోలేదు, ఏ దేవుణ్ణీ తలచుకోలేదు. డోర్కాసమ్మ ఉంటే తలుపు మూసి ఆ ఒక్క ప్రశ్న అడిగేది కదా అనుకున్నాను. ఏడువు బిడ్డా, ఏడువు, ఒక్కసారి ఏడువు.

పిల్లి పిల్ల అరిచినట్టు సన్నగా ఏదో వినిపించింది. తర్వాత కొంచెం గట్టిగా. ఆ తర్వాత దవాఖాన ఎగిరిపోయేలా ఏడ్చింది నా కూతురు.

బయట జరిగింది కొండల్ చెప్పాడు. ఆపరేషన్ జరుగుతున్నంతసేపూ అత్త గడపలో కూర్చొని తన నోటి మీద తానే కొట్టుకుంటూ ఉందట. పెదవి చిట్లి నెత్తురు వచ్చినా ఆపలేదట. డప్పుల హోరులో బిడ్డ ఏడుపు ఆమెకు వినిపించలేదు. డాక్టరమ్మ తలుపు తీయగానే, ఆడపిల్లా మగపిల్లాడా అని అడగలేదు, కోడలు ఎలా ఉందని కూడా అడగలేదు. "నేను చెప్పినందుకు పోయిందా అమ్మా?" అని అడిగిందట.

డాక్టరమ్మ కోపమంతా అక్కడితో చల్లబడిపోయింది కాబోలు. ఆమె పక్కనే గడపలో కూర్చొని, "మీరు చెప్పబట్టే దక్కిందమ్మా" అందట. అత్త నమ్మలేదు. బిడ్డను తెచ్చి ఒళ్లో పెట్టినా, కొంగుతో తన కళ్లు మూసుకుందట. తన చూపు తగులుతుందని. ఆ రోజే కాదు, పురుడు వెళ్లేదాకా మనవరాలిని ఆమె నేరుగా చూడలేదు. నీళ్లు పోసేది, నూనె రాసేది, జోకొట్టేది, అన్నీ ముఖం పక్కకు తిప్పుకొనే. నాకు నవ్వూ వచ్చేది, ఏడుపూ వచ్చేది.

మూడేళ్ల తర్వాత మళ్లీ కడుపుతో ఉన్నాను. ఈసారి రెండో నెలలోనే వారిజమ్మ దగ్గరికి పోయాం. సందులో కౌసల్యమ్మ ఎదురై, "ఏందే ఈరమ్మా, కోడలికి మళ్ల నెల తప్పిందా?" అని అడిగింది.

"ఏడిదక్కా? కడుపుల మంటట, గోలీలకు పోతున్నం" అంది అత్త, కన్ను కూడా ఆర్పకుండా. నా తొడ మీద గిల్లడానికి చెయ్యి వచ్చింది గానీ, మధ్యలోనే ఆగిపోయింది.

లోపల మేం కూర్చోగానే వారిజమ్మ లేచిపోయి తలుపు మూసింది. తిరిగి వచ్చి, అత్త ముఖంలోకి చూసి అడిగింది. "ఊరికి చెప్పే నెల కాదు ఈరమ్మగారూ, కడుపులో ఉన్న నెల చెప్పండి."

అదే ప్రశ్న. డోర్కాసమ్మను ఈమె చూసి కూడా ఉండదు.

అత్త కిటికీ వైపు చూసింది. లేచిపోయి అది కూడా మూసింది. డాక్టరమ్మ చెవి దగ్గరికి వంగి, చెయ్యి అడ్డం పెట్టుకొని, అసలు తేదీ చెప్పింది. చెబుతున్నంతసేపూ ఆమె రెండో చెయ్యి నా చేతిని గట్టిగా పట్టుకునే ఉంది. అది మూడేళ్ల కిందట వణికినట్టే వణుకుతోంది.